కుర్చీ కీలు మళ్లీ మళ్లీ వదులవుతోంది, ఇంకో పాత తగాదా కూడా ఉంది, సలహా కావాలి

నిలకడ

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

పోయినేడాది మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, ఆ తర్వాత మూడు నెలలు ఫిజియోథెరపీ. ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చూసి చెప్పిన రోజున కూడా నేను నీళ్ల సీసా మూత తిప్పలేకపోయాను. రోజూ వేళ్లకు చిన్న చిన్న పనులు చెప్పండి అన్నారు థెరపిస్టు. అలా మొదలైంది, ఇంట్లో పాడైపోయి మూలన పడున్నవాటిని ఒక్కొక్కటే బయటికి తీయడం. మొదట ఊడిపోయిన బొత్తాలు, తర్వాత బ్యాగు జిప్పు, ఆ తర్వాత టేబుల్ లైటు స్విచ్. ఏ పనీ సరిగ్గా తెలిసి చేయలేదు. కానీ ఒక్కోటి పనిచేయడం మొదలయ్యాక, చెయ్యి పాడైపోయినప్పటి నుంచి లోపల ఉన్న ఆ పనికిరాను అన్న దిగులు కొంచెం కొంచెంగా తగ్గింది. ఇది మాత్రం నిజం.

ఇప్పుడు రెండు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, అమ్మ కూర్చునే చెక్క కుర్చీ. నాలుగైదు కీళ్లు వదులై ఊగుతోంది. వదులున్న చోటల్లా తెల్ల చెక్క బంక పోసి, తాడుతో బిగించి ఒక రోజంతా ఉంచాను. వారం తిరక్కుండానే మళ్లీ ఊగింది. ఇంకోసారి ఇంకా ఎక్కువ బంక పోశాను, అయినా అంతే.

రెండోది చెప్పడం కష్టం. మా బిల్డింగులో 16 ఇళ్లు. రెండేళ్ల క్రితం ఒకరి ఇంటి సీలింగు నుంచి నీళ్లు కారడం మొదలైంది. పైనుంచే వస్తోంది, అందరికీ కలిపి ఉన్న పైపేమో అని కింది ఇంటివాళ్లు, మా బాత్రూమ్ నుంచి కాదని పైవాళ్లు. అప్పుడు అసోసియేషన్ సెక్రటరీని నేనే. వెళ్లి చూడకుండానే, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన ఒక రాత్రి, గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను, కింది ఇంటివాళ్లు చిన్నదాన్ని పెద్దది చేస్తున్నారని, ఖర్చు అందరి మీదా వేయాలని చూస్తున్నారని. తర్వాత గోడ కొట్టి చూస్తే కారుతున్నది అన్ని ఇళ్లకూ కలిపి ఉన్న నిలువు పైపు. అంటే ఖర్చు నిజంగానే అందరిదీ. కింది ఇంటివాళ్లు మొదటి నుంచీ చెప్పింది అదే. అప్పటికే బిల్డింగు రెండుగా చీలిపోయింది. పైపుకి పైపైన ఏదో పూసి వదిలేశారు, ఆ గోడకి ఇప్పటికీ చెమ్మ ఉంది. మీటింగులు ఆగిపోయాయి. లిఫ్టులో ఎదురైతే ఫోన్లు చూసుకుంటాం. నేను పదవి వదిలేశాను గానీ, నాది తప్పు అని ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

నాకొచ్చిన ఆలోచన ఏంటంటే, నెలకో ఆదివారం కింద హాల్లో ఒక బల్ల వేసి, ఎవరి ఇంట్లో పాడైనవి వాళ్లు తెచ్చుకుంటే, తెలిసినవాళ్లం కూర్చుని బాగుచేసుకుందాం అని. పని చేస్తూ ఉంటే మాటలు వాటంతట అవే కలుస్తాయని ఆశ. ఇది అయ్యే పనేనా? ఎవరైనా ఇలాంటిది నడిపారా? కుర్చీ సంగతి కూడా చెప్పండి.

చెక్కపొట్టు

ముందు కుర్చీ. మీరు బంక తక్కువ పోయడం వల్ల కాదండి, పాత బంక మీద పోయడం వల్ల ఊడుతోంది. తెల్ల బంక చెక్క పీచులోకి ఇంకి గట్టిపడితేనే పట్టు. ఒకసారి ఆరిన బంక చెక్క రంధ్రాల్ని మూసేసి ఉంటుంది, దాని మీద కొత్త బంక ఎంత పోసినా ఇంకడానికి చోటు లేదు. పైపైన పొరలా ఆరి, నాలుగు రోజులు బరువు పడగానే లేచిపోతుంది. మీరు రెండుసార్లు పోశారు కాబట్టి ఇప్పుడు మూడు పొరలు అయ్యుంటాయి.

కాబట్టి కుర్చీని పూర్తిగా విప్పాలి. భయపడకండి, వదులుగా ఉన్న కీళ్లు తేలిగ్గానే వస్తాయి. విప్పే ముందు ప్రతి కీలుకీ రెండు వైపులా టేపు ముక్క అంటించి ఒకే నంబరు రాయండి, లేకపోతే ఏ పుల్ల ఏ రంధ్రంలోదో తర్వాత తెలీదు. గుడ్డ చుట్టిన చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. రానివాటి సందులో గోరువెచ్చని వెనిగర్ చుక్కలు వేసి అరగంట ఆగండి, తెల్ల బంక మెత్తబడుతుంది. తర్వాత బంకని గీకెయ్యండి, కానీ బంకనే, చెక్కని కాదు. గరుకు కాగితంతో ఎడాపెడా రుద్దితే పుల్ల సన్నబడి కీలు ఇంకా వదులవుతుంది. అంతా శుభ్రంగా ఆరాక, బంక లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూడండి. ఇంకా వదులుంటే పుల్ల చుట్టూ పల్చటి చెక్క పొర అంటించి మందం పెంచండి. ఆ తర్వాతే బంక, రెండు ముఖాలకీ పల్చగా. తాడు చుట్టి మధ్యలో కర్ర దూర్చి మెలిపెడితే క్లాంపు అవసరం లేదు. బిగించాక చదునైన నేల మీద పెట్టి నాలుగు కాళ్లూ ఆనాయో లేదో చూసుకోండి, ఒక రోజు కదపకండి.

ఇంకొక్క మాట. తొందరపడి మేకు మాత్రం కొట్టకండి. ఆ పూటకి బిగుస్తుంది, ఏడాదికి చెక్క చీలుతుంది, ఆ పైన బాగుచేయడానికి వచ్చినవాడికి ఏమీ మిగలదు. వయొలిన్లు చేసేవాళ్లు ఇప్పటికీ జంతువుల చర్మం నుంచి తీసిన పాత రకం బంకే వాడతారు, దానికి కారణం వేడి, తేమ తగిలిస్తే అది మళ్లీ విడిపోతుంది, వాయిద్యాన్ని విరగ్గొట్టకుండా విప్పుకోవచ్చు. తన తర్వాత బాగుచేసేవాడి గురించి ముందే ఆలోచించడం అన్నమాట. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

బిల్డింగు సంగతి నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పాలి.

టంకం

మేం ఇలాంటి బల్ల నాలుగేళ్లుగా నడుపుతున్నాం, కాబట్టి అయ్యే పనే అని ధైర్యంగా చెప్పగలను. ఇది కొత్తదేమీ కాదు. 2009 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా అనే జర్నలిస్టు మొదటి రిపేర్ కేఫ్ పెట్టారు, ఇప్పుడు అవి ప్రపంచంలో వేలల్లో ఉన్నాయి. ఆ పద్ధతిలో గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటే, వస్తువు ఇచ్చేసి వెళ్లిపోకూడదు, తెచ్చినవాళ్లు పక్కనే కూర్చోవాలి. స్క్రూ పట్టుకోవాలి, టార్చి చూపించాలి. మీరు ఆశిస్తున్న మాటలు కలవడం అనేది జరిగితే అక్కడే జరుగుతుంది. వదిలేసి వెళ్లనిస్తే మీరు ఊరికే పనిచేసిపెట్టే మెకానిక్ అవుతారు, మూడో నెలకి అలసిపోతారు.

బాగవుతుందని ముందే మాట ఇవ్వకండి. విప్పి చూద్దాం, కాకపోతే ఎందుకు కాలేదో తెలుస్తుంది, అని చెప్పండి. మా దగ్గరికి వచ్చే కరెంటు వస్తువుల్లో ఎక్కువ భాగం చిన్న లోపాలే: ప్లగ్గు మొదట్లో వంగి వంగి లోపల తెగిన వైరు, కాలిపోయిన ఫ్యూజు, స్విచ్‌లో పేరుకున్న దుమ్ము. విప్పిన స్క్రూలని కాగితం మీద వస్తువు బొమ్మ గీసి అదే చోట టేపుతో అంటించండి. ఇది చెప్పని రోజున ఎవరో ఒకరికి చివర్లో రెండు స్క్రూలు మిగులుతాయి.

కొన్ని మాత్రం బల్ల మీదికే రానివ్వకండి. మైక్రోవేవ్ ఓవెన్ అస్సలు వద్దు, ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండొచ్చు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు వద్దు, గుచ్చుకుంటే మంటలే. గ్యాసుతో నడిచేవి వద్దు. ఏ కరెంటు వస్తువైనా బిగించాక తెలిసినవాళ్లు మీటరుతో చూశాకే ప్లగ్గు పెట్టాలి.

ఇంకోటి, చాలామంది వస్తువు తెస్తూనే తల వంచుకుంటారు, నేనే సరిగ్గా వాడలేదేమో అని. వాళ్లకి చెప్పండి, చాలా వస్తువులు విప్పడానికి వీల్లేకుండానే తయారవుతున్నాయి. బ్యాటరీని బంకతో అంటించేస్తారు, విడిభాగం అమ్మరు. అందుకే ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల లాంటి కొన్ని వస్తువుల మీద, ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో 10కి ఇన్ని అని మార్కులు వేసి చూపించాలని చట్టం పెట్టారు. 2024లో యూరోపియన్ యూనియన్ రిపేరు హక్కు మీద ఆదేశమే తెచ్చింది. కాబట్టి తప్పు ఎప్పుడూ వాడినవాళ్లదే కాదు.

సూదీ దారం

టంకం గారు చెప్పినవన్నీ సరే, నేను కూడా ఇలాంటి చోట కుట్టుపని చూస్తాను. కానీ నిలకడ గారూ, మీ ఆలోచనలో ఒక ముక్క నాకు నచ్చలేదు, మొహమాటం లేకుండా చెప్తాను. మీరు బల్ల వేయాలనుకుంటున్నది వస్తువుల కోసమా, ఆ ఒక్క మాట చెప్పకుండా తప్పించుకోవడానికా? అందరూ నవ్వుతూ కూర్చుంటే ఆ పాత మెసేజ్ సంగతి ఎవరూ ఎత్తరులే అని లోపల ఎక్కడో ఉంటే, కింది ఇంటివాళ్లకి అది మొదటి రోజే తెలిసిపోతుంది. వాళ్లు రారు. వచ్చినవాళ్లంతా మీ వైపువాళ్లే అవుతారు, చీలిక ఇంకా గట్టిపడుతుంది.

రఫ్ఫు, అంటే గుడ్డకి పడిన చిల్లుని దారంతో పూడ్చడం, చేసేటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. చిల్లు అంచుని పట్టుకుని దగ్గరికి లాగి కుట్టేస్తారు. ఆ పూటకి మూసుకుంటుంది, కానీ అంచు దగ్గర గుడ్డ అప్పటికే నలిగి ఉంటుంది, తొడిగిన రెండో రోజు ఇంకా పెద్దగా చిరుగుతుంది. చిల్లుకి చుట్టూ కనీసం వేలి వెడల్పు దూరంలో, గుడ్డ ఇంకా గట్టిగా ఉన్న చోట సూది దించాలి. నిలువు దారాలు వేసుకుని, అడ్డదారం ఒకటి మీద నుంచి ఒకటి కింద నుంచి తీసుకుంటూ నేత నేసినట్టు నేయాలి. మలుపు దగ్గర దారం బిగించకుండా చిన్న వంపు వదలాలి, ఉతికితే దారం కుంచించుకుంటుంది కాబట్టి. నేను ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చిరుగు దగ్గరే మొదలుపెట్టక్కర్లేదు. ఇంకా మాట్లాడుకునే మనిషి ఎవరో ఒకరు ఇటూ అటూ ఉంటారు. ముందు వాళ్లతో మాట్లాడండి. ఆ ఇంటివాళ్లకి మీరొస్తే వినే స్థితి ఉందో లేదో వాళ్లు చెప్తారు.

థెరపీ గది

నేను ఫిజియోథెరపిస్టుని. చెయ్యి గురించి ఒక్కటి. ఎముక అతికాక విరిగిన చోట మునుపటికన్నా గట్టిగా ఉంటుందని చాలామంది నమ్ముతారు, అది సరికాదు. మొదట మెత్తటి కణజాలం చేరుతుంది, కొన్ని వారాల్లో అది గట్టి ఎముకగా మారి ఆ చోట ఉబ్బుగా కనిపిస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్లు, శరీరం ఆ ఉబ్బుని చెక్కి పాత ఆకారానికి దగ్గరగా తెస్తుంది, అదీ మనం దాని మీద కొద్దికొద్దిగా బరువు వేస్తుంటేనే. ఎముక ఎముకగానే బాగవుతుంది. చర్మం అలా కాదు. లోతైన గాయం మచ్చగానే మూసుకుంటుంది, ఆ మచ్చ పాత చర్మంలో దాదాపు 80 శాతం బలానికి మించదు. 80 శాతంతో మనిషి అన్ని పనులూ చేసుకోగలడు, కానీ అది మచ్చ అని మర్చిపోయి లాగకూడదు.

ఎక్స్‌రే బావుంది కాబట్టి నాకు బాగైపోయినట్టే అనుకునేవాళ్లని రోజూ చూస్తాను. మీరు మూత తిప్పలేకపోయారని రాశారే, అది మీ లోపం కాదు. ఎముకకి కట్టు కావాలి, కీలుకి కదలిక కావాలి, ఒకదానికి చేసిన మేలు రెండోదాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. చెక్క సుత్తి వాడేటప్పుడు మధ్యమధ్యలో ఆగండి. మర్నాటి దాకా వాపు, నొప్పి ఉంటే చేసింది ఎక్కువైందని లెక్క.

కింది ఇల్లు

నేను మీ బిల్డింగు మనిషిని కాదు. కానీ నీళ్లు కారింది మా ఇంట్లో, వేరే చోట, కొన్నేళ్ల క్రితం. అందుకే రాస్తున్నాను.

గోడ పాడైంది, పుస్తకాలు తడిసిపోయాయి, అవన్నీ ఇప్పుడు పెద్దగా గుర్తు లేవు. గుర్తున్నది ఒకటే, మేం అబద్ధం చెప్తున్నామన్నారు. అందరూ చదివే చోట అన్నారు. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో క్లాసు, కింద ఆడుకోవడానికి వెళ్లడం మానేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. సంవత్సరం తర్వాత చెప్పింది, ఎవరో పిల్లలు "మీవాళ్లు డబ్బుల కోసం గొడవ చేస్తారంట కదా" అన్నారని.

మాకు ఆ మాటన్నాయన మూడేళ్లకి తలుపు కొట్టారు. గుమ్మంలోనే నిలబడి, "ఆ రోజు నేను చూడకుండా మాట్లాడాను, మీరు చెప్పిందే నిజం, నేను గ్రూపులో కూడా రాస్తాను" అన్నారు. "మీకు బాధ కలిగి ఉంటే" అనలేదు. అప్పుడు నాకెన్ని టెన్షన్లో అని చెప్పుకోలేదు. క్షమించమని కూడా అడగలేదు, అడిగి ఉంటే నేను జవాబు చెప్పాల్సి వచ్చేది, అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి గ్రూపులో రాశారు. నేను ఏమీ అనలేదు. మా ఆవిడ ఆ మెసేజ్ రెండుసార్లు చదివి ఫోన్ పక్కన పెట్టింది.

మేం స్నేహితులం కాలేదు. ఇప్పుడు ఎదురైతే బాగున్నారా అంటాం, అంతే. కానీ ఆ ఒక్క మాట మాకు ఎంత బరువు దించిందో ఆయనకి తెలీదు. కాబట్టి వెళ్లండి. స్నేహం కోసం వెళ్లకండి, మాట చెప్పడానికి వెళ్లండి. ఏది ఎక్కడ అన్నారో అక్కడే వెనక్కి తీసుకోవాలి. గ్రూపులో అన్నది గ్రూపులోనే.

ఇంకో విషయం, ఆ పైపు. రెండేళ్లుగా చెమ్మ ఉందని మీరే రాశారు. వాళ్లు రోజూ ఆ గోడని చూస్తూనే ఉన్నారు. బల్ల సంగతి తర్వాత, ముందు ఆ పైపు పని మొదలుపెట్టించండి.

పాత పాఠం

కింది ఇల్లు గారి మాటకి కొనసాగింపుగా. ఇది చాలా పెద్ద విషయం, ఒక బిల్డింగు తగాదాతో పోల్చడానికి కాదు, కానీ చరిత్ర చెప్పేవాడిగా నాకు గుర్తొచ్చింది. వర్ణవివక్ష పోయాక దక్షిణాఫ్రికాలో 1995 చట్టంతో సత్య, సయోధ్య కమిషన్ పెట్టారు, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షులు. రాజకీయ కారణాలతో చేసిన నేరాలకి క్షమాభిక్ష కావాలంటే చేసింది పూర్తిగా, దాచకుండా చెప్పాలన్నది షరతు. 7,000 మందికి పైగా అడిగితే 849 మందికే ఇచ్చారు. అంటే చెప్పినంత మాత్రాన అయిపోలేదు. బాధితులకి మాత్రం పరిహారం ఆలస్యంగా 2003లో ప్రకటించారు, అదీ కమిషన్ సిఫారసు చేసినదానికన్నా తక్కువ, ఒకే విడతలో. నిజం బయటికొచ్చింది, నష్టం పూడలేదు అన్న బాధ అక్కడ చాలామందికి ఇప్పటికీ ఉంది. అందుకే మాట, పైపు, రెండూ కావాలి అంటాను.

ఇనుము విరిగితే అతకొచ్చు, మనసు విరిగితే అతకదు అంటారు కదా. నేను పూర్తిగా ఒప్పుకోను. ఇనుము కూడా చల్లగా ఉన్నప్పుడు అతకదు, బాగా కాల్చి, మళ్లీ కాల్చి కొట్టాలి. మనసు దగ్గర మనం ఆ వేడిని భరించలేక ముందే వదిలేస్తాం.

నిలకడ

పదిహేను రోజులైంది, ఏం జరిగిందో రాస్తానని అనుకుంటూ ఆలస్యమైంది.

సూదీ దారం గారూ, మీరడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు, అవును, తప్పించుకోవడానికే. చదివాక రెండు రోజులు ఏమీ చేయలేదు. మూడో రోజు, రెండు వైపులా మాట్లాడే ఒక పెద్దావిడ ఉన్నారు, ఆవిడ దగ్గరికి వెళ్లాను. "వాళ్లు నిన్ను కొట్టరు, వెళ్లు" అన్నారు.

వెళ్లాను. కింది ఇల్లు గారు రాసిన మాటలే దాదాపు అన్నాను, నాకు అంతకన్నా మంచి మాటలు దొరకలేదు. ఆయన విన్నారు. "సరే" అన్నారు. లోపలికి రమ్మనలేదు. తలుపు మెల్లగానే వేశారు. ఆ రాత్రే గ్రూపులో రాశాను, పాత మెసేజ్ తేదీతో సహా, అందులో ఏ మాట తప్పో విడివిడిగా. ఇద్దరు నాకు ఫోన్ చేసి ఇప్పుడెందుకు ఇది తవ్వావు అని కోప్పడ్డారు, అదీ మా వైపువాళ్లే. కింది ఇంటి నుంచి ఏ జవాబూ లేదు. పైపు పనికి ప్లంబర్ గురువారం వస్తున్నారు, 16 ఇళ్లలో 11 ఇళ్లు వాటా ఇచ్చాయి, మిగిలినవాళ్లని నేనే ఒక్కొక్కరిని అడుగుతున్నాను. బల్ల సంగతి పైపు అయ్యాకే.

చెయ్యి బాగుంది. కుర్చీ విప్పేశాను, నంబర్లు రాసి, వెనిగర్‌తో, రెండు సాయంత్రాలు పట్టింది. చెక్కపొట్టు గారూ, ఒక సందేహం. వెనక కాలు కీలులో పాత మేకు ఒకటి కనిపించింది, ఎవరు ఎప్పుడు కొట్టారో, తల విరిగి లోపలే ఉండిపోయింది. లాగబోతే చెక్క చీలేలా ఉంది. ఏం చేయమంటారు?

చెక్కపొట్టు

పుల్ల రంధ్రంలోకి పూర్తిగా దిగుతోందా? దిగుతూ ఉంటే మేకుని వదిలేయండి. తుప్పు ఉంటే గీకి, చుట్టూ బాగా ఆరనిచ్చి, బంక పెట్టి బిగించండి. దిగడానికి అడ్డొస్తుంటే మాత్రం లాగకండి, పైకి పొడుచుకొచ్చిన ముక్క వరకు సన్న ఆకురాయితో చదునుగా అరగదీయండి. ఫొటో పెట్టండి, ఏ వైపు నుంచి దిగిందో చూసి చెప్తాను.